ఆఖరి విజిల్ తర్వాత ఇల్లు చేరేదెట్లా?

మారేడ్‌పల్లి ఆటపిచ్చోళ్లకు మెట్రో నీలం లైను బాగానే కలిసొచ్చింది. పరేడ్ గ్రౌండ్‌లో ఎక్కి నాగోల్ వైపు వెళ్తే ఆరో స్టేషన్ పేరే స్టేడియం. దిగితే ఉప్పల్ క్రికెట్ మైదానం. అవతలి ప్లాట్‌ఫాం మీద ఎక్కి ఆ చివర రాయదుర్గంలో దిగితే గచ్చిబౌలి బాలయోగి స్టేడియం ఇంకో నాలుగైదు కిలోమీటర్లు. నగరంలో పెద్ద మ్యాచ్‌లు జరిగే రెండు మైదానాలూ ఒకే లైను మీద, మధ్యలో మనం. మ్యాప్ చూస్తే ఇంతకంటే సుఖమేముంది?

మ్యాప్‌లో టైము ఉండదు. ఐపీఎల్ మ్యాచ్ రాత్రి ఏడున్నరకు మొదలై పదకొండు దాటాక గానీ ముగియదు. ఐఎస్ఎల్ ఫుట్‌బాల్ ఊళ్లో ఉన్నన్నాళ్లూ కాస్త నయం, తొమ్మిదిన్నర ప్రాంతంలో వదిలిపెట్టేవారు. కానీ గచ్చిబౌలి రోడ్ల మీద తొమ్మిదిన్నర అంటే ఐటీ షిఫ్టులు వదిలే వేళ కూడా. ఇంకో చిక్కు ఉంది. మారేడ్‌పల్లి వాసి టికెట్ కోసం జింఖానా మైదానానికి వెళ్తే అది హైదరాబాద్ కమిషనరేట్. ఆట చూడ్డానికి ఉప్పల్ వెళ్తే మొన్నమొన్నటి దాకా అది రాచకొండ. గచ్చిబౌలి అయితే సైబరాబాద్. ఒక్క మ్యాచ్ చూసి రావడానికి మనిషి రెండు పోలీసు రాజ్యాలు దాటాలి. ఒక్కో రాజ్యానికీ ఒక్కో బందోబస్తు, ఒక్కో ట్రాఫిక్ మళ్లింపు ప్రకటన. ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మం దాకా ఆ ప్రయాణాన్ని మొత్తంగా చూసే అధికారి మాత్రం ఎక్కడా కనిపించడు.

ఎదుటి జట్టువాడు పక్క వీధిలోనే

ఇంగ్లండ్‌లో అవే ఫ్యాన్ అంటే పొద్దున్నే రైలెక్కి ఇంకో ఊరికి బయల్దేరేవాడు. పెద్ద పోటీ అయితే పోలీసులు స్టేషన్‌లోనే ఎదురొస్తారు. గుంపుగా నడిపించుకెళ్లి వేరే గేటు గుండా లోపలికి పంపుతారు. ఆట అయ్యాక ఊరివాళ్లు ఖాళీ చేసేదాకా సీట్లలోనే కూర్చోబెట్టి, ఆ తర్వాత మళ్లీ రైలెక్కిస్తారు. మరీ గొడవ జరుగుతుందనుకున్న మ్యాచ్‌లకైతే, క్లబ్బు పెట్టిన బస్సులో వస్తేనే టికెట్ అనే షరతు కూడా ఉంటుంది. అభిమానులకు అది నచ్చదు. నేరం చేయకముందే ఖైదీల్లా చూస్తున్నారని వాళ్ల ఫిర్యాదు. అందులో న్యాయముంది. అయితే ఆ పద్ధతిలో ఒక సంగతి గమనించాలి. అభిమాని తిరుగు ప్రయాణం అక్కడి పోలీసు ప్రణాళికలో ఒక భాగం.

మన దగ్గర అవే ఫ్యాన్ రైలు దిగి రావాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. కంటోన్మెంటు, రైల్వే కొలువుల పుణ్యమా అని సికింద్రాబాద్‌లో తరాలుగా స్థిరపడ్డ తమిళ కుటుంబాలు, మలయాళీ కుటుంబాలు ఎన్నో. ఈస్ట్, వెస్ట్ మారేడ్‌పల్లి వీధుల్లో నడిచినవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. వాళ్ల పిల్లలు ఇక్కడే పుట్టారు, ఇక్కడి బడుల్లో చదివారు, ఇరానీ చాయ్ తాగి పెరిగారు. ఆట దగ్గరికొచ్చేసరికి మాత్రం చెన్నై అంటారు, కేరళ అంటారు.

2019 నవంబరు 2న హైదరాబాద్ ఎఫ్‌సీ గచ్చిబౌలిలో తొలిసారి సొంత మైదానంలో ఆడింది. ఆ ఏడాది ఆగస్టులోనే పుట్టిన జట్టది. ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. మనవాళ్లు 2-1తో గెలిచారు. ఊరు మనదే అయినా స్టాండ్లలో కేరళ పసుపు చొక్కాలకు కొదవ లేదు. ఆ రాత్రికి మెట్రో హైటెక్ సిటీ దాకానే నడుస్తోంది, రాయదుర్గం స్టేషన్ తెరిచింది నవంబరు 29న. అంటే ఆట చూసి సికింద్రాబాద్ రావాలంటే కొండాపూర్ దాకా ఆటో, అక్కణ్నుంచి 10హెచ్ బస్సు. లేదా హైటెక్ సిటీ దాకా ఆటో, తర్వాత మెట్రో. గెలిచిన జట్టువాడికీ ఓడిన జట్టువాడికీ అదే ఆటో, అదే బేరం. 2024 ఏప్రిల్ 5న ఉప్పల్‌లో సన్‌రైజర్స్ చెన్నైతో ఆడినప్పుడూ స్టేడియం సగం పసుపు. ఆట ముందు రోజు బకాయిలు కట్టలేదని స్టేడియానికి కరెంటు తీసేశారు. బిల్లు వివాదం సర్దుబాటయ్యాకే లైట్లు వెలిగాయి. ధోనీ కోసం వచ్చినవాళ్లు, హైదరాబాద్ కోసం వచ్చినవాళ్లు ఒకే మెట్రో పెట్టెలో నిలబడి ఇళ్లకు పోయారు.

అందుకే ఈ నగరంలో అభిమానులను రంగులవారీగా విడదీసే పోలీసింగ్‌తో పెద్దగా పనిలేదు. తన్నుకుంటారన్న భయం ఇక్కడ చిన్నది. వేలమంది ఒకేసారి ఒకే సందులోంచి బయటికి రావడమే అసలు ప్రమాదం. బందోబస్తు మాత్రం ఎప్పుడూ మొదటి భయాన్ని దృష్టిలో పెట్టుకునే జరుగుతుంది.

జింఖానా పొద్దు

ఆ తప్పు ఎంతదూరం వెళ్లగలదో 2022 సెప్టెంబరు 22న మారేడ్‌పల్లి పక్కనే చూశాం. భారత్, ఆస్ట్రేలియా టీ20 మ్యాచ్ 25న ఉప్పల్‌లో. కొవిడ్ వల్ల దాదాపు మూడేళ్లు ఊరికి అంతర్జాతీయ మ్యాచ్ లేదు, జనం ఆకలి మీద ఉన్నారు. ఆన్‌లైన్‌లో టికెట్లు దొరకనివాళ్లకు జింఖానా మైదానంలో కౌంటర్ల దగ్గర అమ్ముతామని హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ చెప్పింది. తెల్లవారకముందే జనం వచ్చి నిలబడ్డారు. పొద్దెక్కేసరికి వేలమంది అయ్యారు. ఉన్న టికెట్లు కొన్ని, కౌంటర్లు కొన్ని, గేటు ఇరుకు.

తొక్కిసలాట జరిగింది. పోలీసులు లాఠీలు ఝళిపించారు. పలువురు గాయపడ్డారు, ఆసుపత్రికి తరలించారు. సొమ్మసిల్లి పడిపోయిన ఒక మహిళకు మహిళా కానిస్టేబుల్ అక్కడికక్కడే ఛాతీ మీద ఒత్తి ఊపిరి తెప్పించింది. కర్ర ఎత్తిన శాఖలోని మనిషే ఆ ప్రాణమూ నిలబెట్టింది. అసోసియేషన్ మీద బేగంపేట పోలీసులు కేసులు పెట్టారు. మంత్రి పిలిచి వివరణ అడిగారు, అప్పటి అధ్యక్షుడు అజారుద్దీన్ తమ తప్పు లేదన్నారు. మూడు రోజుల తర్వాత మ్యాచ్ జరిగింది, భారత్ ఆరు వికెట్లతో గెలిచింది, సూర్యకుమార్ కొట్టిన 69 గురించి మాట్లాడుకుంటూ ఊరు జింఖానాను మరిచిపోయింది.

ఎవరిది తప్పు అన్న ప్రశ్న కంటే నన్ను వెంటాడే ప్రశ్న వేరు. టికెట్ అమ్మే చోటును ఎవరు, ఏ లెక్కన ఎంచారు? పరేడ్ గ్రౌండ్ మెట్రో, జూబ్లీ బస్ స్టేషన్, సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ మూడూ దగ్గర దగ్గరగా ఉన్న చోట కౌంటర్ పెడితే ఎంతమంది రాగలరో ఊహించడం కష్టమా? నగరం నలుమూలల నుంచీ, జిల్లాల నుంచీ రాత్రి బస్సెక్కి పొద్దున్నే దిగడానికి అంతకంటే వీలైన చోటు హైదరాబాద్‌లో మరొకటి లేదు. రవాణా ఎంత సులువైతే గుంపు అంత త్వరగా పెరుగుతుంది. పోలీసు దగ్గర గుంపు లెక్క ఉంటుంది, రవాణా సంస్థ దగ్గర రైళ్ల లెక్క ఉంటుంది. ఆ రెండు కాగితాలూ ముందురోజు ఒకే బల్ల మీదికి రావాలి.

2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది చనిపోయినప్పుడూ ఈ లోపమే కనిపించింది. ఆ సాయంత్రం రద్దీ తట్టుకోలేక మెట్రో రైళ్లు కబ్బన్ పార్క్, విధాన సౌధ స్టేషన్లలో ఆగకుండా వెళ్లాయి. అప్పటికే ఆలస్యమైపోయింది. జనాన్ని తెచ్చి దించింది కూడా ఆ రైళ్లే కదా.

హెల్మెట్ ఎక్కడ పెట్టాలి?

ఇప్పుడు కొంచెం మెచ్చుకోవాలి. ఆ 2022 మ్యాచ్ రాత్రి హైదరాబాద్ మెట్రో ఉప్పల్ వైపు నుంచి రాత్రి ఒంటిగంట దాకా ప్రత్యేక రైళ్లు నడిపింది. ఆ వేళలో ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్లలో మాత్రమే ఎక్కనిచ్చారు, మిగతావి దిగడానికే. మంచి ఆలోచన. ఐపీఎల్ సీజన్లలోనూ ఈ అలవాటు కొనసాగింది. ఆర్టీసీ కూడా నగరంలోని పలు చోట్ల నుంచి ఉప్పల్‌కు ప్రత్యేక బస్సులు వేస్తోంది. పన్నెండున్నరకు పరేడ్ గ్రౌండ్‌లో దిగినవాడికి మాత్రం అక్కణ్నుంచి ఇంకో పోరాటం. స్టేషన్ మెట్లు దిగగానే ఆటోలుంటాయి. మీటరు మాటెత్తితే నవ్వుతారు. మారేడ్‌పల్లి దాకా పగలు ఇచ్చేదానికి రెండింతలు, మూడింతలు అడుగుతారు. మగపిల్లలు నడిచి వెళ్లిపోతారు. ఆడపిల్లతో వచ్చిన కుటుంబం బేరం ఒప్పుకుంటుంది. స్టేడియం లోపల షీ టీమ్స్ ఉంటాయి. ఆ మెట్ల దగ్గర కూడా అర్ధరాత్రి ఒక పోలీసు ఉంటే, ఒక ప్రీపెయిడ్ ఆటో కౌంటర్ ఉంటే కథ మారుతుంది. స్టేడియంలో పెట్టే సిబ్బందితో పోలిస్తే అదెంత?

సరే, బండి మీద వెళ్దామంటారా? ఉప్పల్ మ్యాచ్‌ల ముందు రాచకొండ పోలీసులు లోపలికి తేకూడనివాటి జాబితా ఇచ్చేవారు. నీళ్ల సీసాలు, అగ్గిపెట్టెలు, సెంటు సీసాలు, బ్యాగులు, పవర్‌బ్యాంకుల కోవలోనే హెల్మెట్లు. రోడ్డు మీద హెల్మెట్ లేకపోతే చలానా, గేటు దగ్గర హెల్మెట్ ఉంటే ప్రవేశం లేదు. భద్రత కోణంలో రెండు నియమాలూ సరైనవే. మధ్యలో నిలబడ్డవాడికి అది ఎక్కడ దాచాలో చెప్పేవాడే లేడు. దుకాణాల ముందు ఎవరో పిల్లలు డబ్బులు తీసుకుని హెల్మెట్లు కాపలా కాస్తారు. ఆ చిన్న వ్యాపారం పోలీసు ఆదేశంలోంచి పుట్టిందే. ప్రతి గేటు పక్కనా ఒక టోకెన్ గది పెట్టడానికి ఏ చట్టమూ మార్చక్కర్లేదు.

గచ్చిబౌలి సంగతి ఇంకా విచిత్రం. 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన మైదానం అది, 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలకూ అదే వేదిక. అప్పుడు చుట్టూ రాళ్లూ పొదలూ ఎక్కువ, మనుషులు తక్కువ. ఇప్పుడు చుట్టూ అద్దాల మేడలు. మైదానం వచ్చాక ఊరు వచ్చింది, ఊరి తర్వాత మెట్రో వచ్చింది. అదీ మైదానం దాకా రాలేదు, రాయదుర్గం దగ్గరే ఆగిపోయింది. 2024 సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఇక్కడ జరిగినప్పుడు దేశం జట్టును చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా ఆ చివరి నాలుగైదు కిలోమీటర్లు తమ తిప్పలు తామే పడ్డారు.

పోలీసులే ఫుట్‌బాల్ అయిన ఊరు

ఇదంతా చెబుతుంటే ఒక పాత సంగతి మనసులో మెదులుతుంది. పోలీసుకూ ఫుట్‌బాల్‌కూ మధ్య దూరం అన్నది ఈ ఊరి చరిత్రలో లేనే లేదు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. ఆ జట్టుకు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం, ఊరంతటికీ రహీం సాబ్. ఆయన చేతుల మీదుగానే భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. కలకత్తా పెద్ద క్లబ్బులకు బయటి ఊరి నుంచి వచ్చి చెమటలు పట్టించిన జట్టు అంటే అప్పట్లో మన పోలీసుల జట్టే. అభిమానుల గుంపు బయట, ఖాకీ లోపల అన్న గీత ఆ రోజుల్లో లేదు. బంతి తన్నేవాడే మరుసటి రోజు డ్యూటీ చేసేవాడు.

రవాణా కష్టమూ ఆనాటిదే. తులసీదాస్ బలరాం పుట్టింది సికింద్రాబాద్ అమ్ముగూడలో. మారేడ్‌పల్లి నుంచి ఉత్తరంగా కాసేపటి దారి. పేద ఇంటి పిల్లాడు. రోజూ హైదరాబాద్ దాకా వచ్చి సాధన చేయడానికి చేతిలో డబ్బు లేదంటే, సైకిల్ అద్దెకు రహీం సాబే డబ్బులిచ్చేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పిల్లాడు ఆ తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు ఆడి, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో దేశం తరఫున గోల్స్ కొట్టి, 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో కన్నుమూశాడు. ఆ సైకిల్ అద్దె దొరక్కపోతే దేశానికి బలరాం లేడు. ఆటకు రవాణా ఎంత ముఖ్యమో మన కోచ్‌కు డెబ్బయ్యేళ్ల కిందటే తెలుసు.

ఇంకో ఊరికి బయల్దేరితే

మన అభిమాని కూడా ఒక్కోసారి అవే ఫ్యాన్ అవుతాడు. 2022 మార్చి 20న గోవా ఫతోర్డాలో ఐఎస్ఎల్ ఫైనల్, హైదరాబాద్, కేరళ మధ్యే. కొవిడ్ వల్ల రెండేళ్లు ఖాళీగా ఉన్న స్టాండ్లు మళ్లీ తెరుచుకున్నాయి. ఆ రోజు ఒక వింత. కాగితాల మీద సొంత జట్టు హైదరాబాద్ కాబట్టి పసుపు చొక్కాలు మనవాళ్లు వేసుకున్నారు, పసుపు జట్టుగా పేరున్న కేరళ నలుపు, నీలంలో దిగింది. స్టాండ్లలో మాత్రం పసుపంతా కేరళదే. 1-1 తర్వాత పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడింటిని ఆపాడు, 3-1తో కప్పు మనకొచ్చింది. ఆ ఫైనల్‌కు కేరళ నుంచి మోటారు సైకిల్ మీద బయల్దేరిన ఇద్దరు కుర్రాళ్లు కాసరగోడ్ జిల్లాలో లారీ ఢీకొని చనిపోయారు. ఆట వార్తల్లో ఆ సంగతి ఒక పక్క పెట్టెలోకి వెళ్లింది.

ఫైనల్ తేదీలు నెలల ముందే తెలుస్తాయి. ఎన్నికలకూ, పుష్కరాలకూ, జాతరలకూ ప్రత్యేక రైళ్లు వేసే దేశం మనది. మేడారం వెళ్లే భక్తుడికి బస్సు వేయడం ప్రభుత్వ బాధ్యత అని మనం ఎన్నడూ సందేహించలేదు. ఆటకు వెళ్లేవాడు మాత్రం సరదాకి పోయేవాడు, వాడి చావు వాడు చావాలి. ఈ తేడా ఎవరూ కావాలని చేసింది కాకపోవచ్చు. అలవాటుగా జరిగిపోతోంది. 2024 అక్టోబరులో సికింద్రాబాద్ నుంచి వాస్కోకు వారానికి రెండుసార్లు నడిచే రైలు వచ్చింది. ఫైనల్ రోజున అది ఉండి ఉంటే మనవాళ్లు ఇంకొంతమంది వెళ్లేవారేమో.

పోలీసింగ్ తప్పితే ఏమవుతుందో కలకత్తాకు తెలిసినంతగా ఇంకే ఊరికీ తెలియదు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్‌లో 16 మంది చనిపోయారు. 2024 ఆగస్టు 18న జరగాల్సిన అదే జట్ల డ్యూరాండ్ కప్ మ్యాచ్‌ను బందోబస్తుకు సిబ్బంది చాలరంటూ రద్దు చేశారు. ఆర్జీ కర్ ఆసుపత్రిలో వైద్యురాలిపై జరిగిన ఘోరం మీద ఊరు రగులుతున్న రోజులవి. ఆట లేకపోయినా రెండు జట్ల అభిమానులూ స్టేడియం బయట చేరి భుజం భుజం కలిపి న్యాయం అడిగారు. పోలీసులు లాఠీచార్జి చేశారు. మ్యాచ్‌కు చాలని సిబ్బంది ఆ సాయంత్రం ఎక్కణ్నుంచి వచ్చారని జనం అడిగారు, అడగాల్సిన ప్రశ్నే.

2025 డిసెంబరు 13న మెస్సీ వచ్చిన రోజు ఇంకో పాఠం. పొద్దున కలకత్తాలో అతను త్వరగా వెళ్లిపోయేసరికి వేలు పోసి వచ్చినవాళ్లు కుర్చీలు విరిచారు. అదే సాయంత్రం ఉప్పల్‌లో కార్యక్రమం ప్రశాంతంగా ముగిసింది. టికెట్ లేనివాళ్లు స్టేడియం వైపు రావద్దని పోలీసులు ముందే గట్టిగా చెప్పారు, దారిలోనే తనిఖీలు పెట్టారు. జింఖానా నుంచి నేర్చుకున్నారని అనుకోవాలి. తలుచుకుంటే మన పోలీసులకు చేతకానిదేమీ లేదని ఆ రాత్రి రుజువైంది. అయితే తలుచుకోవడానికి మెస్సీ రావాలా?

చేయాల్సింది చెన్నైలో ఇప్పటికే చేసి చూపించారు. 2025 ఐపీఎల్‌లో చెపాక్ మ్యాచ్ టికెట్ ఉంటే ఆ రోజు మెట్రో ప్రయాణం ఉచితంగా ఉండేది, ఖర్చు క్లబ్బు లెక్కలోకి వెళ్లేది. జర్మనీలో 2024 యూరో కప్‌కు ప్రతి టికెట్‌తో పాటు 36 గంటల రవాణా పాస్ ఇచ్చారు, మ్యాచ్ రోజు ఉదయం ఆరు నుంచి మర్నాడు సాయంత్రం ఆరు దాకా. దానివల్ల కారు ఇంట్లోనే ఉంటుంది, టికెట్ల కోసం స్టేషన్‌లో క్యూ ఉండదు. మన నీలం లైను మీద ఇది పెట్టడానికి కొత్త పట్టా వేయనక్కర్లేదు, ఒక ఒప్పందం చాలు.

ఇంతలో ఫుట్‌బాల్ అభిమాని పరిస్థితి ఇంకా దూరమైంది. ఐఎస్ఎల్ కప్పు తెచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ చేతులు మారి 2025లో ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మార్చుకుంది. డెక్కన్ లీజియన్ పేరుతో డప్పు కొట్టిన అభిమానులకు సొంత మైదానమే లేకుండా పోయింది. ఊరికి మిగిలింది 2021-22 సీజన్ నుంచి ఐ-లీగ్‌లో ఆడుతూ వచ్చిన శ్రీనిధి డెక్కన్. దాని మైదానం డెక్కన్ అరీనా, మొయినాబాద్ దారిలో అజీజ్‌నగర్ దగ్గర. మారేడ్‌పల్లి నుంచి వెళ్లాలంటే సికింద్రాబాద్‌లో 5కె ఎక్కి మెహిదీపట్నంలో దిగి, అక్కడ చేవెళ్ల వైపు పోయే బస్సు పట్టుకోవాలి. మెట్రో లేదు. రాత్రి మ్యాచ్ అయితే తిరుగు బస్సు ఎన్నింటికో కండక్టర్‌ను దిగేముందే అడిగి పెట్టుకోండి.